ఆరున్నరకి నాటకం

సంక్రాంతి వెళ్లింది, సార్వా ధాన్యం అమ్ముడైంది, జాతర పందిళ్లు లేచాయి. అంచేత గోదావరి జిల్లాల్లో పద్యనాటకాన్ని పునరుద్ధరించే కాలం వచ్చినట్టే. అదే నాటకాన్ని అదే కమిటీ ఏటా బతికిస్తోందంటే, మధ్యలో దాన్ని చంపుతున్నదెవరో మాత్రం ఎవరూ అడగరు.

చూడ్డానికి వెళ్లదలచినవారు ముందుగా ఫ్లెక్సీ చదవాలి. పై వరసలో ఫొటోలు, కింది వరసలోనూ ఫొటోలే. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, జ్యోతి వెలిగించేవారు, ఆయనకి అగ్గిపుల్ల అందించేవారు. వేషధారుల పేర్లు అట్టడుగున, ప్రింటరు ఫోను నంబరుకి కాస్త పైన దొరుకుతాయి. హార్మోనిస్టు పేరు కోసం కళ్లు పొడుచుకోకండి, ఉండదు. ఫొటోలు లెక్కపెట్టి తలకి ఏడు నిమిషాలు వేసుకోండి. "రెండే రెండు మాటలు" అని మొదలెట్టే అలవాటున్నవారికి పావుగంట. సన్మానాలకి విడిగా అరగంట. ఇదంతా ఆరున్నరకి కలిపితే తెర ఎప్పుడు లేస్తుందో తేలుతుంది.

తిరుగు ప్రయాణం కూడా ఆ లెక్క ప్రకారమే చూసుకోవాలి. ఆఖరి పల్లెవెలుగు మీద ఆశ వద్దు. సఖినేటిపల్లి వైపు నాటకం చూసి నరసాపురం రావాలంటే గోదావరి దాటించే పంటు రాత్రంతా తిరగదు. అవతలి ఒడ్డున నరసాపురం దీపాలు కనిపిస్తూనే ఉంటాయి, మీరు మాత్రం దిండి దాకా వెళ్లి చించినాడ వంతెనెక్కి చుట్టు తిరిగి రావాలి. దుప్పటి, మంచినీళ్లు, దోమల మందు తప్పనిసరి. కాలవగట్టు పందిళ్లలో దోమ వన్స్‌మోర్ అడక్కుండానే పాడుతుంది.

కూర్చునే చోటు ముఖ్యం. ముందు వరస సోఫాలు అతిథులవి. తెర లేవగానే వాళ్లు లేచిపోతారు, సోఫాలకి మాత్రం బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడు తెర పడేదాకా కాపలా. అయిదో వరసలో, వేదికకి వేలాడే మైకుకి ఎదురుగా, సౌండు బాక్సులకి దూరంగా కూర్చోండి. డీజే సౌండువాడు మిక్సరులో ఎకో పెంచి ఉంచుతాడు. పద్యం చివర రాగం తీసేటప్పుడు వెనకటి స్వరం ఇంకా మోగుతుండగానే ముందుది వచ్చి దాని మీద పడుతుంది, గమకమంతా ముద్దయిపోతుంది. మొదటి పద్యానికే వెళ్లి ఆ ఎకో తీసెయ్యమని చెప్పండి. వినడనుకోండి, అయినా చెప్పండి.

అసలు వినోదం పాండవోద్యోగ విజయాల పడకసీనులో. తెలియనిదేముంది, కృష్ణుడు దొంగనిద్రలో ఉండాలి, తలాపున దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. ఆరున్నరకి నాటకమన్నారని కృష్ణుడు నాలుగింటికే రంగు పూసుకుని కిరీటం బిగించాడు. రాత్రి తొమ్మిదైంది. బయట ఆత్మీయ అతిథి వాళ్ల తాతగారు ఎడ్లబండి కట్టించుకుని నాటకాలకి వెళ్లిన వైనం చెబుతున్నారు, బండి ఇంకా ఊరు దాటలేదు. పరుపు వేసే ఉంది కదా అని కృష్ణుడు నడుం వాల్చాడు. దొంగనిద్ర కాస్తా దొరనిద్ర అయింది. ఒళ్లో గద పెట్టుకుని దుర్యోధనుడూ కునికాడు. అర్జునుడొక్కడే మేలుకున్నాడు, పొద్దున్నే బడికెళ్లి పిల్లల హాజరు వెయ్యాలన్న బెంగతో. బయట అధ్యక్షులవారికి దుశ్శాలువా కప్పారు. కప్పినాయన ఫొటోలో సరిగ్గా పడలేదట, విప్పి మళ్లీ కప్పారు. ఈ రోజుల్లో వన్స్‌మోర్ పడేది దానికొక్కదానికే. ఎట్టకేలకి తెర లేచింది. కృష్ణుడి గురక మైకులో స్పష్టంగా, ఎకోతో సహా వినిపిస్తోంది. హార్మోనిస్టు రెండుసార్లు శ్రుతి నొక్కాడు, లాభం లేకపోయింది. అర్జునుడు అరికాలు గిల్లితే లేచి బావగారిని ఎప్పుడొచ్చావని పలకరించాడు. ఏం చెబుతాడండీ పాపం సుయోధనుడు, ఫ్లెక్సీలో వేసిన టైముకే వచ్చాడాయె.

ఇక్కణ్ణించి నవ్వు రాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదు. ఉత్సవాలకి ప్రభుత్వం సడలింపిచ్చినా అర్ధరాత్రి దాకానే, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. కమిటీకి తెలీదా? పర్మిషను కాగితం మీద సంతకం పెట్టిందే వాళ్లు. తెలిసి తెలిసి ఉన్న గంటలన్నీ ఉపన్యాసాలకి తగలేసి, పన్నెండవుతుంటే వింగులోంచి "రాయబారం తీసెయ్యండి" అని చేతులూపుతారు. రాయబారం తీసేస్తే పాండవోద్యోగ విజయాల్లో మిగిలేదేమిటయ్యా? రాయబారం కోసమే పిలిపించిన రెండో కృష్ణుడు సాయంత్రం నుంచి రంగుతో కూర్చుని, ఒక్క పద్యం పాడకుండా మొహం కడుక్కుని పోవాలా? ఆ పద్యాలు రాసినవాళ్లు ఎక్కణ్ణించో ఊడిపడలేదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి పుట్టింది భీమవరం పక్కన యండగండిలో, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి పుట్టింది కడియంలో. వాళ్ల సొంత గడ్డ మీద వాళ్ల పద్యాల పీక నొక్కుతూ, వెనక బ్యానరు మీద 'పద్యనాటక పునరుద్ధరణ మహోత్సవం' అని రాయించుకోడానికి సిగ్గుండక్కర్లేదూ?

ఇంత జరిగాక కూడా చదివింపులు ఇవ్వాలనిపిస్తే తెర పడ్డాక వెనక్కి వెళ్లి హార్మోనిస్టు చేతిలోనో, పాడలేకపోయిన ఆ రెండో కృష్ణుడి చేతిలోనో పెట్టి రండి. కమిటీకి మాత్రం ఇవ్వకండి. ఇంటిపేరుతో సహా మీ పేరు మైకులో చదువుతారు, ఆ చదివేది కూడా పద్యం మధ్యలోనే.