మూడో ముడి వేయనియ్యని మీడియా సెంటర్ కంప్యూటర్ గారికి

మహారాజశ్రీ మీడియా సెంటర్ కంప్యూటర్ గారి సముఖమునకు,

నల్లగొండ నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. టీవీ కింద పెట్టుకుని సినిమాలూ పాత వీడియోలూ ఆడించుకునే చిన్న కంప్యూటర్ డబ్బా అయిన తమరు నా ఆన్‌లైన్ కార్ట్‌లో మూడేళ్లుగా క్షేమంగానే ఉన్నారని తెలుసు, వారానికోసారి వచ్చి చూసిపోతున్నది నేనే కదా.

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన ముచ్చట తమరికి చెప్పాలి. మిర్యాలగూడ నుంచి మా బావమరిది వాళ్లు వచ్చారు, మా చిన్నమ్మ వచ్చింది, హాలు నిండిపోయింది. సకినాలు తింటూ కూర్చున్నాక మా చిన్నది, "డాడీ, మీ పెళ్లి వీడియో పెట్టు" అంది. 2011 మేలో అయిన పెళ్లి. వీడియో ఆయన మూడు డీవీడీలిచ్చాడు. డీవీడీ ప్లేయర్ ఎప్పుడో పాత సామాన్ల బండెక్కింది, కాబట్టి ఆ డిస్కుల్లో ఉన్నది ఉన్నట్టు హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాను. ముందుచూపు అని మురిసిపోయాను కూడా.

బొమ్మ వచ్చింది. శబ్దం రాలేదు. కింద చిన్న అక్షరాల్లో 'ఈ ఆడియో ఫార్మాట్ సపోర్ట్ చేయదు' అని ఒక పట్టీ. సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బుతున్నాయి, డోలు ఆయన చేతులు ఎగురుతున్నాయి, పంతులు నోరు ఆడుతోంది, ఏమీ వినపడదు. మా చిన్నమ్మ చెవి రుద్దుకుని, "ఏంరా, నాకే వినొస్తలేదా?" అని అడిగింది. లేదు చిన్నమ్మా, 55 అంగుళాల టీవీకే నోరు లేదు.

సరే, మూగ పెళ్లే చూద్దామని కూర్చున్నాం. జీలకర్ర బెల్లం అయింది. పుస్తె చేతికొచ్చింది. మొదటి ముడి వేశాను. రెండో ముడి వేశాను. టీవీ నల్లబడి ఫైళ్ల లిస్టు వచ్చింది.

అదేంటయ్యా అంటే, డీవీడీలో వీడియోను ఒక్కో ముక్క 1 జీబీ దాటకుండా కోసి పెడతారు. డీవీడీ ప్లేయర్‌కు ఆ ముక్కల్ని అతుకు తెలియకుండా కలిపి ఆడించడం వచ్చు. టీవీకి రాదు, దాని లెక్కలో ఒక్కో ముక్క ఒక్కో సినిమా. ఆ వీడియో ఆయన గంటలకు గంటలు తీసిన పెళ్లిలో 1 జీబీ సరిగ్గా ఎక్కడ నిండిందంటే నా రెండో ముడికీ మూడో ముడికీ మధ్య. కంగారులో రిమోట్ మీద నెక్స్ట్ రెండుసార్లు నొక్కితే ఏకంగా అప్పగింతలు వచ్చాయి. మా అత్తమ్మ శబ్దం లేకుండా ఏడుస్తోంది.

మా ఆవిడ నెమ్మదిగా, "అయితే పద్నాలుగేండ్ల నుంచి రెండు ముళ్లతోనే సంసారం చేస్తున్ననా?" అంది. ఇల్లంతా నవ్వు. బావమరిది ఊరుకోడుగా, "బావా, అసలు మూడోది వేసినవా?" అన్నాడు. వేశానయ్యా. సాక్ష్యం ఇంకో ఫైల్లో ఉంది.

తమరు ఆ రోజు టీవీ కింద ఉండుంటే ఈ గతి పట్టేది కాదు, అదీ నా బాధ. తమరి దగ్గరైతే ఫోల్డర్ మొత్తం తెరిస్తే చాలు, అతుకులు లేకుండా ఆడుతుంది. టీవీ కంపెనీలు లైసెన్సు డబ్బులు మిగులుతాయని కొన్ని ఆడియో ఫార్మాట్లు తీసేస్తుంటాయి, తమరికా బేరాలు లేవు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి పెడితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, వేరేగా పెడితే మా టీవీ చదవదు, ఆ పంచాయితీ కూడా ఉండదు.

మరి ఎందుకు కొనలేదంటారా? నేను మనసు గట్టి చేసుకున్న ప్రతిసారీ తమరి వంశంలో ఏదో ఒకటి జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ 2002లో తమరి కోసమే మీడియా సెంటర్ పేరుతో ఒక విండోస్ ఎక్స్‌పీ తెచ్చింది. విండోస్ 7 దాకా మోసింది, 8లో వేరేగా డబ్బులడిగింది, 2015లో విండోస్ 10 రాగానే పీకి పారేసింది. నేను కొందామనుకున్నది కూడా సరిగ్గా ఆ ఏడే. తర్వాత కోడి అనే సాఫ్ట్‌వేర్ మీద ఆశ పెట్టుకున్నాను, మంచిదే, ఉచితమే, ఒకప్పుడు ఎక్స్‌బాక్స్ అనే గేమ్ డబ్బా కోసం పుట్టి 2014లో పేరు మార్చుకుంది. కానీ మా ఇంట్లో ఆ పేరు పలికితే మా చిన్నమ్మ నాటుకోడా ఫారం కోడా అని అడుగుతుంది. ఇంటెల్ నక్ అనే చిన్న డబ్బా నచ్చింది. 2023లో ఇంటెల్ దాన్ని వదిలేసి ఏసస్‌కు అప్పజెప్పింది. రాస్‌ప్‌బెర్రీ పై 5 అనే చిట్టి కంప్యూటర్ కొందామంటే, నా దగ్గరున్న వీడియోల్లో సగానికి పైగా హెచ్.264 అనే ఫార్మాట్‌వి, దాన్ని ఆడించే ప్రత్యేక హార్డ్‌వేరే అందులోంచి తీసేశారు. ప్రాసెసరే లాగుతుందిలే అంటారు. లాగుతుంది. కానీ నాకు ఒక సాకు చాలు కదా, వాయిదా వేయడానికి.

మూడో ముడి దెబ్బతో ఈసారి మాత్రం సాకులు మానేశాను. పండగైన వారానికే పొద్దున ఆరింటి బస్సెక్కి, నార్కెట్‌పల్లి, చౌటుప్పల్ దాటి, ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో పండి లేచి సికింద్రాబాద్ చేరాను. షాపాయన ఇంటెల్ వాళ్ల ఎన్100 చిప్పున్న డబ్బా చూపించాడు. అరచేతిలో పట్టేంతే ఉంది, 4కే ఆడిస్తుందట, ముద్దొచ్చింది. ధర చెప్పాడు. బాగానే ఉందే అని పర్సు తీశాను.

"అన్నా, ఇది బేర్‌బోన్. ర్యామ్ వేరే, ఎస్‌ఎస్‌డీ వేరే. విండోస్ లైసెన్స్ కూడా వేరేనే."

అంటే పెళ్లికి పిలిచి, బంతిలో కూర్చోబెట్టి, విస్తరి వేసి, అన్నం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోమన్నట్టు. పైగా ఈ మధ్య ర్యామ్ ధర ఎగబాకింది. ఎందుకంటే మెమరీ చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకే పోతున్నాయట. ఎక్కడో అమెరికాలో ఎవరో కంప్యూటర్‌తో కబుర్లు చెప్పుకోవడానికి నల్లగొండలో నా మూడో ముడి ఆగింది. షాపాయన చివరికి జాలిపడి, "ఇప్పుడిది ఎవరు కొంటున్నరన్నా, అన్నీ టీవీలోనే వస్తున్నయ్ కదా" అన్నాడు. అన్నీ వస్తున్నాయి నాయనా. నా పెళ్లి తప్ప.

రాత్రి తొమ్మిదింటికి వట్టి చేతులతో ఇల్లు చేరాను. మా ఆవిడ, "దొరికిందా?" అని కూడా అడగలేదు. అన్నం వడ్డించింది.

ఇక మీరు, తమరు అని అనలేను, ఏమనుకోకు. నువ్వొస్తే మాత్రం ఏం ఒరుగుతుందని అడుగుతున్నా! సోఫాలో కూర్చుని ఒళ్లో కీబోర్డు పెట్టుకుని సినిమా చూడాలి. టీవీ రిమోట్, సెట్‌టాప్ బాక్స్ రిమోట్, సౌండ్‌బార్ రిమోట్ చాలవని నీకు మౌస్ ఒకటి. టీవీ రిమోట్ మాటను నీలాంటి డబ్బాలు చాలావరకు వినవు, టీవీకి గుచ్చే నాలుగు వేల రూపాయల స్టిక్ వింటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే చూద్దామంటే ఈ బ్రౌజర్ కాదు ఆ బ్రౌజరంటావు, టీవీలో ఆ తంటా లేదు. క్లైమాక్స్‌లో అప్‌డేట్ అంటావు. మే నెల నల్లగొండ ఎండకు మనుషులే హ్యాంగవుతారు, నువ్వెంత. పాత డెస్క్‌టాప్‌నే నీలా మారుద్దామని కూడా చూశాను. అది 80 వాట్లు లాగుతుందనుకున్నా, రోజంతా ఆన్‌లో పెడితే రెండు యూనిట్లు, నెలకు దగ్గర దగ్గర 60. ఆ బిల్లు ఎవరు కడతారు, నువ్వా? పది వాట్ల చిన్న డబ్బా అయితే నెలకు ఏడు యూనిట్లే. ఇదిగో, తిడుతూ తిడుతూనే మళ్లీ నిన్నే పొగుడుతున్నా, అదే నా జబ్బు.

ఆ రాత్రే అటక మీద నుంచి పాత ల్యాప్‌టాప్ దించాను. బ్యాటరీ చచ్చింది. మడత విరిగి, మూత గోడకు ఆనిస్తే తప్ప నిలబడదు. హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీ కొన్నప్పటి అట్టపెట్టెలోనే ఉంది, విప్పను కూడా విప్పలేదు. వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్ వేసి, అదే, ఆ ట్రాఫిక్ కోన్ బొమ్మది, ఫోల్డర్ మొత్తం తెరిచాను. పైసా ఖర్చు లేదు. పదకొండయింది, పిల్లలు పడుకున్నారు, ఆవిడా నేనే ఉన్నాం.

శబ్దం వచ్చింది. మొదటి ముడి. రెండో ముడి. అతుకు తెలియలేదు. మూడో ముడి పడుతుంటే, ఆ గట్టిమేళంలో, కెమెరా వెనక నుంచి ఒక గొంతు వినబడింది: "అరేయ్, ఆ బగార గంజు మీద మూత పెట్టుండ్రి, ఈగలు వాల్తున్నయ్!"

మా నాయిన. కొడుకు పుస్తె కడుతుంటే ఆయన చూపు బగారన్నం మీద. పోయి ఆరేళ్లయింది. ఫొటోలు సంచెడున్నాయి గానీ ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. వెనక్కి జరిపి మళ్లీ పెట్టమంది ఆవిడ. పెట్టాను. నాలుగుసార్లు మూత పెట్టమన్నాడు. ఇది వినకుండా చేసిందా ఆ టీవీ! ఆ పట్టీ రాసినవాడు ఎదురుపడితే ఏమనేవాణ్నో ఇక్కడ రాయలేను.

తర్వాత నిన్ను కార్ట్‌లోంచి తీసేద్దామని ఫోన్ పట్టుకున్నా. 'మీ కార్ట్‌లోని వస్తువు ధర పెరిగింది' అని నీ దగ్గర నుంచే కబురు. పెరుగు తల్లీ, నీ ఇష్టం. నీ కోసం టీవీ కింద ఖాళీగా ఉంచిన చోట్లో ఇప్పుడు ల్యాప్‌టాప్ కూర్చుంది, దుమ్ము పడకుండా మా ఆవిడ పాత తువ్వాల కప్పింది. కదిపితే ఊరుకోనని పిల్లలకు చెప్పింది, నాకూ చెప్పింది.

ఇట్లు,
మూడు ముళ్లూ వేసినవాడు,
నల్లగొండ.

తా.క.: ర్యామ్ ధర తగ్గితే మాత్రం ఒక మెసేజ్ పెట్టు.