మెట్లకు కార్పెట్ రన్నర్ ఎవరి కోసం?

పోయిన నెల మన సంఘం కుటుంబాల కలయికలో ఒక పెద్దావిడ మెట్ల మీద జారి పడ్డారు. చాలామంది అక్కడే ఉన్నారు కాబట్టి జరిగిందంతా మళ్లీ చెప్పను. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. కానీ మర్నాడు వాట్సాప్ గ్రూపులో నడిచిన చర్చ చూసి నా మనసు చివుక్కుమంది. "సాక్సులతో ఎందుకు దిగారు?", "రెయిలింగ్ పట్టుకోవాలి కదా", "ఈ వయసులో పైకెక్కడం అవసరమా?" అని తలా ఒక మాట అన్నారు. అద్దంలా మెరిసే ఆ చెక్కమెట్ల గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంటికొచ్చినవాళ్లని చెప్పులు గుమ్మం దగ్గరే విడవమంటాం. చలికి వాళ్లు సాక్సులు తొడుక్కుంటారు. ఆ సాక్సులతోనే నున్నటి మెట్లు ఎక్కి దిగమంటాం. జారితే తప్పు ఆవిడదా?

చెక్కమెట్లు ఇష్టపడేవాళ్ల మాట కాదనను. కార్పెట్ దుమ్ము పట్టుకుంటుంది, ఎలర్జీ ఉన్నవాళ్లకు ఇబ్బంది, వ్యాక్యూమ్ పట్టుకుని మెట్టు మెట్టుకీ వంగాలి. ఇవన్నీ నిజాలే. అందుకే మెట్టు మొత్తం కప్పకుండా మధ్యలో పరిచే పొడవాటి కార్పెట్ పట్టీ, అంటే రన్నర్, మంచి మార్గం. చెక్క అందం అటూ ఇటూ కనిపిస్తూనే ఉంటుంది, కాలికి పట్టూ దొరుకుతుంది. కాకపోతే మనలో ఎక్కువమంది రన్నర్‌ను కూడా హాల్లో సోఫాకి మ్యాచింగ్ చూసి కొంటున్నారు. నా గొడవంతా అక్కడే.

మా ఇంటికి రన్నర్ వేయించాలనుకున్నప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. శాంపిల్ ముక్కలు ఇంటికి తెచ్చి, కదలకుండా టేపు అంటించి, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి మెట్ల లైటు కింద ఒకసారి చూశాం. మా ఆవిడకీ నాకూ ముదురు ఎరుపు మీద చిన్న చిన్న లతలున్న ముక్క తెగ నచ్చింది. అమ్మ పై మెట్టు మీద నిలబడి, రెయిలింగ్ పట్టుకుని, కిందికి చూసి, "ఒరేయ్, మెట్టు ఎక్కడ అయిపోతోందో తెలీట్లేదురా" అంది. అమ్మది బైఫోకల్ కళ్లజోడు. దాని అద్దాల కింది భాగం దగ్గరి చూపు కోసం. తల వంచకుండా పాదాల వైపు చూస్తే మెట్టు మసకబారుతుంది. ఆ మసకలో లతలు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి తెగకుండా పాకుతుంటే అంచు ఎక్కడని వెతుక్కోవాలి? తర్వాత లేత బూడిదరంగు సాదా ముక్క పెట్టాం. దానికి రెండు పక్కలా ముదురు గీత ఉంది. పైనుంచి చూస్తే ఆ గీత ప్రతి మెట్టు దగ్గరా తెగినట్టు కనిపించి, అంచు ఇక్కడ అని చెబుతోంది. అమ్మ ఆగకుండా కిందిదాకా దిగింది. ఎరుపు ముక్క ఆ రోజే షాపుకి తిరిగి వెళ్లిపోయింది.

వెడల్పు సంగతి కూడా అప్పుడే తెలిసింది. మగ్గం మీద నేసే రన్నర్లు పాతకాలం నుంచీ 27 అంగుళాల వెడల్పులో, అంటే ముప్పావు గజంలో వస్తున్నాయి. 36 అంగుళాల మెట్టు మీద అది పరిస్తే చెరో పక్క నాలుగున్నర అంగుళాల చెక్క మిగులుతుంది. ఫొటోకి చాలా బాగుంటుంది. కానీ రెయిలింగ్ పట్టుకుని నడిచే మనిషి మధ్యలో నడవరు, పక్కకి ఒరిగి నడుస్తారు. పాదంలో సగం చెక్క మీదే పడుతుంది. అందుకే పక్కన 3 అంగుళాలకు మించి వదలొద్దంటాను. అంత వెడల్పు రన్నర్ దొరక్కపోతే వెడల్పు కార్పెట్‌ను కోయించి అంచులు కుట్టించుకోవచ్చు.

పొడవు లెక్క తేలికే. కాలు పెట్టే చోటు 10 అంగుళాలు, నిలువు ఏడున్నర, అంచు మలుపుకి ఒకటి అనుకుంటే మెట్టుకి పద్దెనిమిదిన్నర. 13 మెట్లకు సుమారు 20 అడుగులు. అదనంగా ఇంకో అడుగు ఉంచుకోండి.

ఇక సరుకు. ఉన్నిది ఖరీదే, కానీ తొక్కిన పోగు మళ్లీ లేస్తుంది, మంట అంత త్వరగా అంటుకోదు. నైలాన్ అరుగుదలకు బాగా ఆగుతుంది. పాలిస్టర్ మీద మరకలు సులువుగా పోతాయి గానీ, రోజూ తొక్కే అంచు దగ్గర అణిగిపోతుంది. సైసల్, అంటే కిత్తనారతో నేసింది, చూడ్డానికి ఎంత బాగున్నా సాక్సు కాలికి జారుతుంది, నీళ్లు చిందితే మచ్చ ఉండిపోతుంది. మెట్లకు అది వద్దే వద్దు. ఏది కొన్నా పోగు పొట్టిగా, ఒత్తుగా ఉండాలి. శాంపిల్‌ను మెట్టు అంచు మీద గట్టిగా వంచి చూడండి. పోగులు విడిపోయి అడుగు గుడ్డ కనిపించిందంటే ఏడాది తిరక్కుండా అక్కడే బోసిపోతుంది.

కింద వేసే ప్యాడ్ మెత్తగా ఉండాలని షాపులో వేలితో నొక్కి చూస్తుంటారు. అది పొరపాటు. మందపాటి మెత్తటి ప్యాడ్ వల్ల అంచు గుండ్రంగా తయారై కాలు ముందుకి జారుతుంది. పావు అంగుళం మందంలో గట్టిది చాలు. రెండువైపులా అంటుకునే టేపుతో సరిపెట్టొద్దు. పనివాళ్ల చేత స్టేపుల్స్, మేకుల పట్టీలతో బిగించాలి, కార్పెట్ పోగులు మెట్ల కిందివైపుకి వాలి ఉండేలా చూడమనాలి. అంచు ముందుకి పొడుచుకొచ్చిన మెట్లైతే కార్పెట్‌ను అంచు కిందికి మడిచి బిగించమనండి. వదులుగా కిందికి వదిలేస్తే అంచు వెనక ఖాళీ మిగులుతుంది.

కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. వచ్చే కలయికకు ఇల్లు ఇచ్చేవాళ్లని భోజనాల సంగతి, పార్కింగ్ సంగతి ఎలా అడుగుతారో మెట్ల సంగతి కూడా అలాగే అడగండి. రన్నర్ లేకపోతే అంచులకు జారకుండా ఉండే పట్టీలైనా అంటించమనండి, మెట్ల లైటు రాత్రంతా వెలిగేలా చూడండి, పెద్దవాళ్లకు కావలసినవన్నీ కిందే ఏర్పాటు చేయండి. పడ్డావిడకి ఫోన్ చేసి, ఆ గ్రూపులో అన్న మాటలకు క్షమాపణ చెప్పండి. కొలతలు తీయడానికో, శాంపిల్స్ చూడటానికో ఎవరికైనా తోడు కావాలంటే శని, ఆదివారాల్లో నేను వస్తాను. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లని ఆ శాంపిల్ మీద నడిపించాకే డబ్బు కట్టండి.