కాలికి కట్టు విప్పారు సరే, నిద్ర సంగతేంటి?

ఊళ్లో మనవాళ్లలో ఎవరికైనా యాక్సిడెంట్ అయితే అమెరికాలో ఉన్న మనం చేసేదాంట్లో వంక పెట్టడానికేమీ ఉండదు. హైదరాబాద్‌లో మంచి ఆర్థోపెడిక్ డాక్టర్ ఎవరో అరగంటలో తేల్చేస్తాం, డబ్బులు పంపుతాం, అవసరమైతే టికెట్ కొనుక్కుని వెళ్లిపోతాం. కట్టు విప్పిన రోజు వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు పెట్టి ఇక అయిపోయిందనుకుంటాం. కొన్ని నెలలకు అదే మనిషి "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు" అంటే మాత్రం మన దగ్గర రెండే మందులు: ధైర్యంగా ఉండు, అన్నీ మర్చిపో. నన్నడిగితే ఇంతకంటే పనికిరాని సలహాలు లేవు.

మా చిన్నాయన కొడుకునే తీసుకోండి. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటాక వాడి కారు లారీని గుద్దుకుంది. తొడ ఎముకకు రాడ్ వేశారు, ఎక్స్‌రే చక్కగా ఉంది, నడుస్తున్నాడు. కానీ కారులో డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంటే చాలు, వాడి కుడికాలు దానంతటదే కింద నొక్కుతూ ఉంటుంది, బ్రేక్ అక్కడే ఉన్నట్టు. వెనక లారీ హారన్ వినిపిస్తే మాట మధ్యలోనే ఆగిపోతుంది, ఏసీలో కూడా చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. చిన్నమ్మ వాణ్ణి నల్గొండలో లతీఫ్ సాహెబ్ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. "పోరడు దడుసుకున్నడు బిడ్డా, బొక్క అతికితే అయిపోతదా?" అని నాతో ఫోన్లో అన్నది. ఈ సంగతి తెలిసి ఇక్కడున్న మా ఇంజినీర్ బావమరుదులు ఒకటే నవ్వు. తాయెత్తుతో తగ్గుతుందని నేనూ అనను గానీ, ఆ ఇంట్లో జబ్బును జబ్బుగా గుర్తుపట్టింది ఆమె ఒక్కతే.

ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని అప్రమత్తం చేసే పని మెదడు లోపల అమిగ్డలా అనే చిన్న భాగానిది. ఆ గుండెదడ, ఆ చెమట అంతా దాని చలవే. "అది ఆ రోజు రోడ్డు మీద జరిగింది, ఇప్పుడు మనం ఇంటి వాకిట్లో ఉన్నాం" అని కాలాన్నీ చోటునీ విడదీసి చెప్పడానికి హిప్పోకాంపస్ అనే మరో భాగం కావాలి, ఇక చాల్లే ఊరుకో అని సర్దిచెప్పడానికి నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ కావాలి. గట్టి దెబ్బ తగిలిన కొందరిలో అమిగ్డలా మాటే నెగ్గుతూ ఉంటుంది, మిగతా రెండూ దాన్ని అదుపు చేయలేవు. ఇందులో పిరికితనం ఎక్కడుంది? అమెరికా సైకియాట్రిస్టులు 1980లోనే దీనికి పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం తర్వాత వదలకుండా పీడించే మానసిక ఒత్తిడి) అని పేరు పెట్టి జబ్బుల జాబితాలో చేర్చారు.

కాలమే మాన్పుతుందని ఇంకో మాట కూడా అంటుంటాం. బెంగళూరులో మెదడు మీద పరిశోధన చేసే సుమంత్ర చట్టర్జీ బృందం ఎలుకల్ని రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలకుండా కట్టడి చేసి చూసింది. హిప్పోకాంపస్‌లో నరకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, అమిగ్డలాలో మాత్రం పెరిగాయి. తర్వాత 21 రోజులు ఎలుకల్ని వాటి మానాన వదిలేస్తే హిప్పోకాంపస్ కోలుకుంది గానీ అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు అలాగే ఉన్నాయి, బెదురూ పోలేదు. ఎలుకలు మనుషులు కావు, ఒప్పుకుంటాను. చాలామంది మనుషులు పక్కన నలుగురుంటే కొన్ని వారాల్లో, నెలల్లో వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు కూడా. కానీ నెల దాటినా పీడకలలూ బెదురూ తగ్గకపోతే ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవడం వైద్యం కాదు.

పైగా ఇలాంటి భయాన్ని మర్చిపోవడం అనేది మెదడు అంత తేలిగ్గా చేసే పని కాదు. పాత భయం చెరిగిపోదు, దాని మీద "ఇప్పుడేం కాలేదు" అనే కొత్త అనుభవం మళ్లీ మళ్లీ పడాలి, అప్పుడే అది అణుగుతుంది. మావాడికి హైదరాబాద్‌లో సైకాలజిస్ట్ చేయించింది అదే. ముందు ఆపి ఉన్న కారులో కూర్చోబెట్టారు, తర్వాత ఊరి చెరువుకట్ట దాకా, ఆ తర్వాత హైవే. జరిగిందంతా నోటితో చెప్పించారు, ఒకసారి కాదు. మనమేమో వాడు ఆ మాట ఎత్తగానే "ఇప్పుడవన్నీ ఎందుకురా" అని నోరు మూయించేవాళ్లం.

ఇక చిన్నమ్మ సంగతి. ఆ ఏడాదంతా ఆమె షుగర్ అదుపులోకి రాలేదు, అందరూ స్వీట్లు తిన్నదనే అన్నారు. ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలో చక్కెరను పెంచుతుందని ఒక్కరూ ఆలోచించలేదు. మతిమరుపు జబ్బున్నవాళ్లను చూసుకునే ఆడవాళ్లలో చిన్న గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టిందని 1995లో ఒహాయోలో తేల్చారు. గాయం అంతే, మనుషుల టెన్షనే వేరు. మంచాన పడ్డవాడి పక్కన కూర్చున్న అమ్మలకు, భార్యలకు కూడా బీపీ చూడమని చెప్పేవాళ్లేరి?

2013 అక్టోబర్ 30న కొత్తకోట దగ్గర పాలెంలో బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు తగలబడి 45 మంది పోయారు. పాలమూరు వాళ్లెవరూ ఆ తెల్లవారుజామును మర్చిపోరు. నష్టపరిహారం గురించి నేను చాలా చదివాను. బయటపడ్డవాళ్లకు, ఆ మంటలు కళ్లారా చూసినవాళ్లకు తర్వాత నిద్ర పట్టిందా లేదా అన్నది మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

అమెరికాలోని మన సంఘం కూడా అలాగే ఉంది. ఇక్కడ ఎవరైనా పోతే పార్థివదేహాన్ని ఊరు చేర్చడానికి రాత్రికి రాత్రి డబ్బు పోగుచేస్తాం, అది గొప్ప సంగతే. మరి ఆరు నెలల తర్వాత ఆ భార్యకు ఫోన్ చేసే బాధ్యత ఎవరిది? కార్యవర్గంలో ఇద్దరికి ఆ పని అప్పజెప్పండి, తెలుగు వచ్చిన కౌన్సిలర్ల వివరాలు సేకరించండి, మొదటి కొన్ని సిట్టింగుల ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. అక్కడున్న మనవాళ్ల కోసం భారత ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. అమెరికాలో అయితే 988. ఈసారి బతుకమ్మ ఫ్లైయర్ మీద స్పాన్సర్ల లోగోలు రెండు తీసేసి ఈ రెండు నంబర్లు వేస్తే ఏమైనా నష్టమా?