వేట తుపాకీ గారికి, కుడుకల తరఫున

మహారాజశ్రీ వేట తుపాకీ గారికి,

హనుమకొండ నుంచి ఒక అత్తగారు రాయునది. మీరు డాలస్‌లో మా అల్లుడి దోస్తు ఇంట్లో ఉంటారట. చలి మొదలవగానే జింకల కోసం విమానమెక్కి మోంటానా పోతారట. ఈసారి మా అల్లుడు కూడా మీ వెంట వచ్చాడు కదా, మీ ప్రయాణ వైభోగమంతా ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పాడు. నాకైతే కడుపు మండింది.

మీకు గట్టి పెట్టె, దానికి తాళాలు. కౌంటర్ దగ్గరికి పోయి "మా దగ్గర తుపాకీ ఉంది" అని చెబితే ఎవరూ అరవరట, ఉరకరట. లోపల గుండ్లు లేవని యజమాని చీటీ మీద సంతకం పెడితే చాలట. మీ గుండ్లు కూడా వేరే డబ్బాలో సర్దుకుంటే 5 కిలోల దాకా రావచ్చట. ఇవన్నీ సరే, నన్ను కుదిపేసింది తాళంచెవి సంగతి. మామూలు సూట్‌కేసుకు ఏ తాళం వేసినా అక్కడి భద్రతావాళ్లు మారు చెవితో తీస్తారు, కాదంటే కోసేస్తారు. మీ పెట్టె చెవి మాత్రం యజమాని జేబులోనే ఉండాలని రూలు. తెరవాలంటే ఆయన్ని పిలిచి అడగాలి. మా ఇంట్లో బీరువా చెవికి కూడా అంత మర్యాద లేదు.

ఇక మా కుడుకల కథ వినండి. పెద్దబిడ్డ మళ్లీ అమెరికా పోయే ముందు ఒడిబియ్యం పోశాం. బియ్యం ఇక్కడే వండి చుట్టాలకు పెట్టాం. కుడుకలు, పోకలు, ఖర్జూరాలు శాస్త్రానికని సంచిలో పెట్టి పంపాం. విమానాశ్రయంలో సంచి విప్పించి, కుడుకలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టారు. ఎండు కొబ్బరి ప్రమాదకరమైన సరుకట! తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల్లో, 4.2 అనే తరగతిలో, దాన్ని చేర్చారట. దానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు కూడా ఉంది, 1363. కోపంలో ఉన్నా, మన కుడుక అంత దూరం ఎదిగిందా అని కొంచెం గర్వపడ్డాను. నూనె ఎక్కువ కాబట్టి ఓడల్లో గుట్టలు పోస్తే వేడెక్కుతుంది, అది నిజమేనట. నేను కాదనను. కానీ పసుపు పూసిన ఐదు కుడుకలు పెట్టెలో కూర్చుని తిరుగుబాటు చేస్తాయా?

మీరైతే ఎన్ని చేసినా చెల్లుతుంది. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీ క్యూల్లో, చేతిసంచుల్లో, మీ జాతివాళ్లు 6,737 మంది దొరికారు. నూటికి 90 మందికి పైగా కడుపులో గుండ్లతోనే ఉన్నారు. యజమానులను అడిగితే చాలామంది "మర్చిపోయాం" అంటారట. తుపాకీని మర్చిపోవడం! నేను ఆవకాయ సీసాను మర్చిపోయి చేతిసంచిలో పెట్టానంటే ఎవరైనా నమ్ముతారా?

కోపమంతా కక్కేశాను కాబట్టి మర్యాదగా మా ఊరికి కూడా పిలుస్తున్నాను. నేరుగా దిగుదామంటే మాత్రం కుదరదు. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. మళ్లీ తెరుస్తామన్న మాట వింటూ మా తల వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఇక్కడ మీకు పని కూడా ఉండదు. పాఖాల, ఏటూరునాగారం అడవులు అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం జింక మీద చెయ్యి వేస్తే జైలే. ఉత్త అలంకారానికి ఉందామన్నా లైసెన్సు కావాలి. ఓట్లు రాగానే మూట కట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోవాలి, ఫలితాలు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. దసరాకు మాత్రం మీకు కుంకుమ బొట్టు ఖాయం, మా కత్తిపీట పక్కనే. మా ఇంటి ఆయుధం అదొక్కటే.

ఇంతకీ అసలు పని. మీ దేశంలో కెమెరాలవాళ్లు కొందరు, పరుగు పందేల్లో ఢాం అనిపించే ఉత్తుత్తి పిస్తోలు ఒకటి కొని కెమెరాల పక్కన పెట్టుకుంటారట. దానికీ తుపాకీ రూలే వర్తిస్తుంది కాబట్టి పెట్టె చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది, కెమెరాలు భద్రం. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా చిన్నది సియాటెల్‌లో ఉంటుంది. డాలస్ నుంచి అక్క పంపే మామిడికాయ తొక్కు ప్రతిసారీ మూత ఊడి, చీరలకు రంగు వేసి మరీ చేరుతోంది.

మీరు అటువైపు వేటకు పోయేదుంటే చెప్పండి. మీ పెట్టెలో, ఆ మెత్తటి స్పాంజి మధ్యన, ఒక సీసాకు చోటిస్తే చాలు. నూనె కారినా మీకే మంచిది, తుప్పు పట్టదు. ఉప్పు సంగతి మాత్రం మీ యజమానికి చెప్పకండి.

ఇట్లు,
కుడుకల తరఫున,
ఒక అత్తగారు, హనుమకొండ