ఒక శాతం కచ్చితత్వం, ఏడు కిలోల ఫ్లైవీల్: ఒక ప్రచారానికి ఖండన

ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే యంత్రం) మీద సైకిల్ తొక్కేవారి మధ్య చాలాకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: స్మార్ట్ ట్రైనర్ (వాట్లను కొలిచి, యాప్ చెప్పినట్టు బిగుతు మార్చే రకం) కొనేటప్పుడు రెండే అంకెలు చూడాలి, కచ్చితత్వం ±1 శాతం అని ఉంటే అది చూపే వాట్లు నిజమైనవి, ఫ్లైవీల్ (లోపల తిరిగే బరువైన చక్రం) ఎంత బరువుంటే రోడ్డు మీద తొక్కిన అనుభూతి అంత బాగా వస్తుంది. దీనికి తోడు మరో మూడు మాటలు కూడా అందులో ఉన్నాయి. పెడల్‌లో అమర్చిన పవర్ మీటర్ (వాట్లను కొలిచే పరికరం) వేరే అంకె చూపితే ట్రైనర్ తప్పు చెబుతున్నట్టేనట, ఎర్గ్ మోడ్‌లో (పెట్టిన వాట్ల లక్ష్యానికి తగ్గట్టు యంత్రమే బిగుతు సర్దే పద్ధతిలో) వాట్ల గ్రాఫ్ తిన్నగా వస్తే యంత్రం కచ్చితంగా కొలుస్తున్నట్టేనట, వెనుక చక్రం తీసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ రకానికి కాలిబ్రేషన్ (కొలతను సరిచూసి దిద్దడం) అక్కరలేదట. ప్రతి మాటలోనూ ఎంతో కొంత నిజం కలిసి ఉండటం వల్లే ఈ సందేశాన్ని ఇంతమంది నమ్మారు. దీన్ని పట్టుకుని శిక్షణ ప్రణాళికను తలకిందులు చేసుకున్నవారిని చూశాను కాబట్టి ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలిస్తున్నాను.

మొదటిది ±1 శాతం సంగతి. ఇది తయారీదారు ప్రకటించే హద్దు. ఆ హద్దు లోపల యంత్రం ఎక్కడ నిలుస్తుందో పెట్టె మీద రాసి ఉండదు. రైడర్ నిజంగా 300 వాట్లు పెడుతున్నప్పుడు ఒక ట్రైనర్ 297 అనీ, మరొకటి 303 అనీ చూపితే రెండూ తమ మాట నిలబెట్టుకున్నట్టే, అయినా వాటి మధ్య 6 వాట్ల తేడా ఉంది. పాతదాన్ని అమ్మి కొత్తది కొన్నవారు మరునాడే తమ సత్తువ తగ్గిందని బెంగపెట్టుకోవడానికి ఆ 6 వాట్లు చాలు. రోజూ ఒకే యంత్రం మీద శిక్షణ పొందేవారికి అది నిజమైన అంకెకు ఎంత దగ్గరగా ఉందన్న దానికంటే, నిన్న చూపినట్టే ఇవాళ కూడా చూపుతోందా అన్నదే ఎక్కువ అవసరం. ఎప్పుడూ 2 శాతం ఎక్కువ చూపే ట్రైనర్‌తో నిశ్చింతగా శిక్షణ సాగించవచ్చు; ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ చూపేదానితో సాగదు. ఇతరులతో పోటీపడేటప్పుడు మాత్రం అసలు అంకెకు దగ్గరగా ఉండటం ముఖ్యమే, అది ఒప్పుకోవాలి.

పెడల్‌కూ ట్రైనర్‌కూ కుదరకపోతే ట్రైనర్‌దే తప్పు అనడం అన్నిటికంటే తొందరపాటు మాట. పెడల్ మీటర్ కొలిచేది కాలు పెట్టిన శక్తిని. ట్రైనర్ దగ్గరకు చేరేసరికి అదే శక్తి చైన్, గేరు పళ్ళు, బేరింగుల గుండా ప్రయాణించి దారిలో కొంత వేడిగా పోగొట్టుకుంటుంది. శుభ్రమైన చైన్‌తో ఈ నష్టం సుమారుగా 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. మురికి పట్టి నూనె ఆరిపోయిన చైన్‌తో ఇంకా పెరుగుతుంది. కాబట్టి పెడల్ 250 అంటున్నప్పుడు ట్రైనర్ 243 అంటే రెండూ సరిగ్గానే ఉన్నాయని అనుకోవాలి. రెండూ అచ్చంగా 250 చూపితేనే ఏదో ఒకదాన్ని అనుమానించాలి. ఎడమ వైపు మాత్రమే కొలిచి రెండింతలు చేసే మీటర్ల సంగతి వేరు. ఎడమ కాలు 48 శాతం పని చేసే వ్యక్తి 250 వాట్లు తొక్కితే అది 240 అని చూపుతుంది. కొలబద్ద అనుకున్నదానిలోనే 4 శాతం లోటు ఉన్నప్పుడు దానితో ట్రైనర్‌కు తీర్పు చెప్పడం న్యాయం కాదు.

గ్రాఫ్ తిన్నగా ఉందన్నది రుజువు కాదు. మనిషి పెడల్ ఒక చుట్టు తిప్పేటప్పుడు రెండుసార్లు బలం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఆ పైన ఊపిరి, అలసట, కూర్చున్న తీరు వల్ల వచ్చే ఒడిదుడుకులు ఉంటాయి. 200 వాట్ల లక్ష్యం పెట్టినప్పుడు 199, 200, 200, 201 అనే వరుస కనిపిస్తే అది కాళ్ళ స్థిరత్వం కాదు, సాఫ్ట్‌వేర్ సగటు తీసి నునుపు చేసిన గీత. ట్రైనర్లు తయారుచేసే వాహూ తన యాప్‌లో ఈ నునుపును ఆపేసే మీటను కూడా పెట్టింది. దాన్ని ఆపి అదే వ్యాయామం చేస్తే గీత పళ్ళు పళ్ళుగా మారుతుంది, యంత్రం మాత్రం పాతదే.

కాలిబ్రేషన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. టైరును రోలర్‌కు ఆనించే రకంలో గాలి ఒత్తిడి, టైరు వేడి, బిగింపు మూడూ కొలతను కదిలిస్తాయి కాబట్టి వాటికి తరచూ స్పిన్‌డౌన్ (వేగంగా తిప్పి వదిలేసి, నెమ్మదించే తీరును బట్టి కొలతను దిద్దడం) తప్పదు. డైరెక్ట్ డ్రైవ్‌లో టైరు లేదు, నిజమే; కానీ బెల్టు ఉన్నవాటిలో బెల్టు, బేరింగులు, సెన్సర్లు చలిలో ఒకలా, వేడెక్కాక ఒకలా ఉంటాయి. కాలిబ్రేషన్ అవసరం లేకుండానే రూపొందించినవి, టాక్స్ నియో వంటివి, ఉన్నాయి. ఆ లక్షణాన్ని మొత్తం తరగతికి అంటగట్టడమే తప్పు. మిగతావాటిని పది నిమిషాలు తొక్కి వేడెక్కాకే సరిచూసుకోవాలి.

ఇక ఫ్లైవీల్. ఈ ప్రచారంలో అత్యధికంగా దారితప్పించిన మాట ఇదే. ముందుగా రోడ్డు మీద జరిగేది చూద్దాం. రైడర్, సైకిల్ కలిసి 80 కిలోలు అనుకుంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ ద్రవ్యరాశి దగ్గర సుమారు 2,780 జౌళ్ళ గతిశక్తి ఉంటుంది. పెడల్ పైన, కింద బలం తగ్గే క్షణాల్లో సైకిల్ ఆగిపోకుండా లాక్కుపోయేది ఆ నిల్వే. ట్రైనర్‌లో ఆ పని ఫ్లైవీల్ చేయాలి. 7 కిలోల బరువు, 11 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల ఒక నిండు బిళ్ళ అంత శక్తిని దాచుకోవాలంటే నిమిషానికి దాదాపు 3,460 చుట్లు తిరగాలి. దాని బరువును రెట్టింపు చేసి, వేగాన్ని సగానికి తగ్గిస్తే దాచుకునే శక్తి పెరగదు, సగమవుతుంది. ఎందుకంటే బరువు ఒక్కసారే లెక్కలోకి వస్తుంది, వేగం రెండుసార్లు గుణించబడుతుంది. బరువు మధ్యలో ఉందా అంచున ఉందా అన్నది కూడా లెక్కే: అదే బరువును, అదే వ్యాసార్ధంలో, మొత్తం అంచుకు చేర్చితే జడత్వం రెండింతలవుతుంది. కాబట్టి పెట్టె మీద కిలోలు మాత్రమే చదివినవారు సూత్రంలో మూడో వంతు మాత్రమే చదివినట్టు.

మార్కెట్లోకి వచ్చినవి కూడా ఈ మాటను బలపరచవు. సారిస్ హెచ్3 ఫ్లైవీల్ సుమారు 9 కిలోలు, వాహూ కికర్‌ది 7.3, కికర్ కోర్‌ది 5.4. 2019లో వచ్చిన టాక్స్ నియో 2టిలో ఇలాంటి బరువైన చక్రం మీద ఆధారపడటమే లేదు. అయస్కాంతాలతో, మోటారుతో 125 కిలోల దాకా జడత్వాన్ని కృత్రిమంగా కల్పిస్తుంది, రాళ్ళ దారి అదురును కూడా పెడల్‌కు అందిస్తుంది. కిలోలే అనుభూతి అయితే ఈ యంత్రం అందరికంటే వెనుక ఉండాలి. నా దృష్టిలో అది ముందు వరుసలో ఉంది.

ఒకే ట్రైనర్ మీద ఎవరైనా చేసి చూడగల పరీక్ష ఒకటి ఉంది. ఎర్గ్ మోడ్‌లో 200 వాట్లు పెట్టి, నిమిషానికి 90 చుట్లు తొక్కుతూ, ముందు 34 పళ్ళు, వెనుక 21 పళ్ళ గేరులో అయిదు నిమిషాలు గడపండి. తర్వాత అవే 200 వాట్లలో 50, 14కు మారండి. వాట్లు మారవు, చుట్లు మారవు, ఫ్లైవీల్ మారదు. కానీ ఫ్లైవీల్ వేగం 2.2 రెట్లవుతుంది, అందులోని శక్తి దాదాపు అయిదు రెట్లవుతుంది. మొదటి గేరులో పెడల్ ప్రతి చుట్టులోనూ పైభాగాన కాలు బురదలో దిగబడినట్టు ఆగుతుంది, కొండ ఎక్కుతున్నట్టే ఉంటుంది. రెండో గేరులో పెడల్ తానే కాలిని మోసుకుపోతుంది. నేను చాలాకాలం మొదటి గేరులో తొక్కి ట్రైనర్ నాసిరకమనుకున్నాను.

పైగా రోడ్డు మీద కూడా ఎప్పుడూ బరువైన జడత్వం ఉండదు. గంటకు 8 కిలోమీటర్లతో ఏటవాలు ఎక్కేటప్పుడు అదే 80 కిలోలలో ఉండేది సుమారు 200 జౌళ్ళే, చదునుమీద ఉన్నదానిలో పద్నాలుగో వంతు. అక్కడ ఫ్లైవీల్ మోసుకుపోతే అది తప్పు అనుభూతి. వెనుక ఒకే పళ్ళచక్రంతో వర్చువల్ గేర్లు (చైన్ కదలకుండా, సాఫ్ట్‌వేర్‌లోనే మారే గేర్లు) మార్చే పద్ధతి వచ్చాక ఇది మరింత స్పష్టమైంది: అందులో ముందు చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ళచక్రం) మార్చనంతవరకు ఫ్లైవీల్ వేగం పూర్తిగా కాళ్ళ చుట్ల మీదే ఆధారపడుతుంది, కొండైనా చదునైనా తేడాను ట్రైనర్‌లో బిగుతు కలిగించే బ్రేకు ఒక్కటే కల్పించాలి.

చివరగా, సందేశం విడివిడిగా చెప్పిన రెండు అంకెలు ఒకదానికొకటి అడ్డుపడే చోటు స్ప్రింట్. పైన చెప్పిన 7 కిలోల బిళ్ళను సగం వేగం నుంచి 3,460 చుట్లకు అయిదు సెకన్లలో తీసుకువెళితే, ఆ అయిదు సెకన్లూ సగటున 417 వాట్లు కేవలం ఫ్లైవీల్‌ను పరుగెత్తించడానికే ఖర్చవుతాయి. ఆ శక్తి బ్రేకు దాకా చేరనే చేరదు. ఎలైట్ డిరెటోలో లాగా టార్క్‌ను (తిప్పే బలాన్ని) నేరుగా కొలిచే సెన్సర్ ఉంటే దాన్ని అక్కడికక్కడే పట్టుకోవచ్చు. బ్రేకు కరెంటు నుంచీ వేగం నుంచీ వాట్లను లెక్కగట్టే యంత్రమైతే ఈ 417ను విడిగా లెక్కించి కలపాలి, ఆ కలపడంలో ఒక్క సెకను ఆలస్యమైనా శిఖరం పక్కకు జరుగుతుంది. కాబట్టి రెండు ట్రైనర్లను పోల్చేవారు ఇరవై నిమిషాల సగటుతో సరిపెట్టుకోకూడదు. ఒకే పెడల్ మీటర్‌ను రెండింటి మీదా పెట్టి, వేడెక్కాక, ఆరు సెకన్ల స్ప్రింట్‌ను చిన్న గేరులో ఒకసారి, పెద్ద గేరులో ఒకసారి చేసి, రెండు గీతల శిఖరాలు ఎంత ఎత్తున, ఏ క్షణాన వచ్చాయో పక్కపక్కన పెట్టి చూడాలి.