అందరి నీటిలో కొందరి ఆల్చిప్పలు

అమెరికాలోని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1821లో ఒక ఆల్చిప్పల తగాదాను తేల్చింది. రారిటన్ నది ఒడ్డున భూమి ఉన్న ఆర్నాల్డ్ తన పొలాన్ని ఆనుకుని ఉన్న నీటి అడుగున ఆల్చిప్పలు వేసి, చుట్టూ గుంజలు పాతి హద్దు పెట్టుకున్నాడు. మండీ అనే వ్యక్తి పడవలో వచ్చి వాటిని తీసుకుపోయాడు. ఆర్నాల్డ్ కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఆటుపోట్లు వచ్చిపోయే నీళ్లూ, వాటి అడుగున ఉన్న నేలా ప్రజలందరివనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ కోర్టు చెప్పింది.

రెండు వందల ఏళ్లు దాటాయి. ప్రపంచంలో ఎక్కడ ఆల్చిప్పలో, మసెల్స్ అనే తినే గుల్లలో సాగు చేసినా తగాదా ఇదే. అందరిదైన నీటిలో ఒకరికి చోటు ఇవ్వాలంటే, ఎవరిని అడిగి ఇవ్వాలి?

సాగుదారులు ముందుగా చెప్పే మాట పర్యావరణం గురించి. ఆ మాటలో నిజం ఉంది. ఈ జీవాలకు మేత వేయక్కర్లేదు. నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటాయి, ఆ క్రమంలో నీరు తేటపడుతుంది. రొయ్యల చెరువులతో దీన్ని ఒకే గాట కట్టడం అన్యాయం. కానీ నీటికి మేలు చేసినంత మాత్రాన ఆ నీటి మీద హక్కు రాదు. ఆ చోట తరతరాలుగా గుల్లలు ఏరుకునేవాళ్లు, పీతల బుట్టలు వేసేవాళ్లు, పడవ నడిపేవాళ్లు ఉంటారు. వాళ్ల వాడకానికి కాగితం ఉండదు, లీజుకు ఉంటుంది. అధికారి ముందుకు ఫైలు వచ్చినప్పుడు కాగితం లేనివాడే ముందు నష్టపోతాడు.

అభ్యంతరాలన్నీ ఒకే బరువున్నవి కావు. కిటికీలోంచి సముద్రం కనిపించే తీరు పాడవుతోందని ఒడ్డున ఇల్లున్నవాళ్లు వేసే కేసునూ, బతుకుతెరువు పోతోందనే గుల్లలు ఏరుకునేవాళ్ల గోడునూ ఒకే తక్కెడలో తూచకూడదని నా అభిప్రాయం. ఆచరణలో జరిగేది తలకిందులు. విచారణకు లాయర్లతో వచ్చేది ఇళ్ల యజమానులే. పోటు తగ్గిన వేళకు నీటిలోకి దిగాల్సిన మనిషి, అదే సమయానికి పెట్టిన మీటింగ్‌కు ఎలా వస్తాడు?

చట్టాలు ఊరికో తీరుగా ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రం 1895లో చేసిన చట్టాలతో ఆటుపోట్ల నేలను ఆల్చిప్పల సాగు కోసం అమ్మేసింది, దాంతో అక్కడ చాలా తీరం ప్రైవేటు ఆస్తి అయింది. మసాచుసెట్స్‌లో మరో చిక్కు. వలస పాలన నాటి నియమం ప్రకారం ఆటు వేళ నీరు పూర్తిగా తగ్గే గీత దాకా నేల ఒడ్డు యజమానిదే అయినా, అక్కడ చేపలు, గుల్లలు పట్టుకునే హక్కు జనానికి ఉంది. సాగు చేయడం ఆ హక్కు కిందకి రాదని అక్కడి అత్యున్నత కోర్టు 1994లో తేల్చింది. అంటే వాటంతటవే పెరిగిన గుల్లలు తవ్వుకోవచ్చు, బుట్ట పెట్టి పెంచాలంటే యజమాని ఒప్పుకోవాలి.

ఒక అనుమతి దరఖాస్తు ఎంత దూరం వెళ్లగలదో న్యూజిలాండ్ చూపించింది. మార్ల్‌బరో సౌండ్స్‌లో మసెల్స్ సాగుకు చోటు దొరకక విసిగిన అక్కడి మూలవాసులు మావోరీ తెగలు, అసలు ఈ తీరం ఎవరిదని కోర్టును అడిగాయి. వాళ్ల వాదన మావోరీ భూముల కోర్టు వినవచ్చని 2003లో అప్పీల్ కోర్టు చెప్పింది. ప్రభుత్వం కంగారుపడి, తీరాన్నీ సముద్రపు అడుగునూ రాజ్యం పేర రాసుకుంటూ 2004లో చట్టం చేసింది. చట్టం రాకముందే దాన్ని వ్యతిరేకిస్తూ వేలమంది రాజధాని వెల్లింగ్టన్‌కు ఊరేగింపుగా నడిచారు. 2011లో ఆ చట్టం రద్దయి, దాని చోట మరొకటి వచ్చింది. ఇదంతా ఒకవైపు నడుస్తుండగానే, కొత్తగా కేటాయించే సాగు చోటులో 20 శాతం మావోరీలకు ఇవ్వాలని 2004లోనే వేరే చట్టం వచ్చింది. ఆ వాటా గురించిన మాట మొదటే వచ్చి ఉంటే దేశం అంతగా చీలేది కాదనుకుంటాను.

ఫైళ్లను ఒక్కొక్కటిగా చూడడమే ఈ వ్యవస్థలో పెద్ద లోపం. ఒక ఎకరం వల్ల నష్టం లేదంటారు, పక్క ఎకరం వల్లా లేదంటారు. పదేళ్లకు చూస్తే పడవ తిరిగే దారే మిగలదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆల్చిప్పల సాగుకు ఆర్మీ ఇంజనీర్ల విభాగం ఇచ్చిన గంపగుత్త అనుమతిని 2019లో ఫెడరల్ కోర్టు తప్పుపట్టడానికి ఒక కారణం ఇదే. అన్నీ కలిస్తే పడే ప్రభావాన్ని సరిగా లెక్కగట్టలేదు. రోడ్ ఐలాండ్ రాష్ట్రం తన తీరపు ఉప్పునీటి మడుగుల్లో సాగు 5 శాతం విస్తీర్ణం మించకూడదని హద్దు పెట్టుకుంది. మంచి పనే, కాకపోతే ఆ 5 శాతం ఎక్కడ పడుతుందన్నది కూడా ముఖ్యం. గుల్లలు బాగా దొరికే మేట మీదే పడితే ఏరుకునేవాడికి పోయేది దాదాపు అంతా.

సాగుదారుడి భయమూ తేలికగా తీసేయదగినది కాదు. ఆల్చిప్ప అమ్మకానికి ఎదగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. లీజు ఉంటుందో పోతుందో అన్న టెన్షన్‌లో ఎవరు పెట్టుబడి పెడతారు? కాలిఫోర్నియాలోని డ్రేక్స్ ఎస్టెరో అనే తీరపు నీటిలో ఆల్చిప్పల సాగుకు 1972లో మొదలైన 40 ఏళ్ల గడువు 2012లో ముగిసింది. పొడిగిస్తారన్న ఆశతో అక్కడి సాగు సంస్థ నడిచింది, కేంద్రం కుదరదంది. కోర్టుల చుట్టూ తిరిగి 2014 చివరికి మూతపడింది. గడువు తేదీ ముందునుంచీ కాగితం మీద ఉంది. 

నేను కోరేది ఇది. మొదటి లీజు ఇవ్వకముందే ఆ నీటి ప్రాంతం మొత్తానికి వాడకం పటం గీయాలి. ఎవరు ఏ రుతువులో ఎక్కడ ఏరుకుంటారో, పడవలు ఎటు వెళ్తాయో అందులో రాయాలి. విచారణలు ఆటుపోట్ల వేళలు చూసి పెట్టాలి. బుట్టలు, తాళ్లు వదిలేసి వెళ్లిపోతే తీయించడానికి ముందే డిపాజిట్ కట్టించుకోవాలి. చిన్న సాగుదారుడి పేర ఇచ్చిన లీజును పెద్ద కంపెనీకి బదిలీ చేయాలంటే మళ్లీ బహిరంగ విచారణ జరగాలి.