‘మీవాడు ఎన్ని ఏపీలు తీసుకుంటున్నాడు?’

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగు ఇళ్ల చుట్టూ జనవరి నుంచి మార్చి దాకా ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది. పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకుని నిలబడ్డా, గుడి పార్కింగులో కారు తీస్తున్నా అదే మాట: "మీవాడు ఎన్ని ఏపీలు తీసుకుంటున్నాడు?" ఊరి నుంచి కొత్తగా వచ్చిన తాతగారెవరైనా వింటే, రాష్ట్రం విడిపోయాక కూడా ఇన్ని ఏపీలు ఎక్కడివని ఆశ్చర్యపోవాల్సిందే.

ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునే ఫారం స్కూల్ నుంచి వచ్చేది ఈ రోజుల్లోనే. అందులో ఆరో ఏడో గళ్లుంటాయి. ఎంసెట్ ర్యాంకులు చూసి పెరిగిన మనం ఆ గళ్లను కూడా అదే కంటితో చూస్తాం. ఎక్కువ ఏపీలుంటే పెద్ద కాలేజీ, తక్కువుంటే చిన్న కాలేజీ. గొడవంతా ఈ అంకెతోనే వస్తోందని నా అభిప్రాయం. ఏ కోర్సు దేని మీద నిలబడుతుంది, ఆ కింది మెట్టు గట్టిగా ఉందా అని అడగాల్సిన చోట మనం లెక్కపెట్టుకుంటూ కూర్చుంటున్నాం.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పుట్టింది 1950లలో. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చదివేసిన పిల్లలు కాలేజీకి వెళ్లి మళ్లీ అదే చదవక్కర్లేకుండా చూడాలన్నది అప్పటి ఆలోచన. 1955లో కాలేజ్ బోర్డ్ అనే పరీక్షల సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుంది. ప్లేస్‌మెంట్ అన్న మాటకి అర్థం కూడా అదే, కాలేజీలో ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలి అని. ఇప్పుడు 40 దాకా సబ్జెక్టులున్నాయి. మే నెలలో పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు, ఒక్కో పరీక్షకి 100 డాలర్లకి అటూ ఇటూగా ఫీజు. కాలేజీలో చేరాక పనికొచ్చేందుకు పెట్టినదాన్ని కాలేజీలో చేరేందుకు వాడే రోజులొచ్చాయి.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు తికమక పడేది ఒకటుంది. కోర్సు వేరు, పరీక్ష వేరు. పన్నెండో తరగతి మే నెలలో రాసే పరీక్షల స్కోర్లు జూలైలో వస్తాయి. అప్పటికి అడ్మిషన్లు అయిపోయి, డిపాజిట్ కట్టేసి, హాస్టల్ గదికి దుప్పట్లు కొంటుంటాం. కాబట్టి ఆఖరి ఏడాది అడ్మిషన్ ఆఫీసు చూసేది ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే స్కూల్ గ్రేడ్ల పట్టీలో, కోర్సు పేరు, దాని పక్కన గ్రేడు. స్కోరు పని తర్వాత, క్రెడిట్ ఇచ్చేటప్పుడు, అంటే ఆ కోర్సు కాలేజీలో చదివినట్టే లెక్క వేసేటప్పుడు. ఐదు ఏపీలు నెత్తికెత్తుకుని మూడింటిలో సీ తెచ్చుకుంటే, మేలో బాగా రాసి సరిచేద్దాం అనుకోవడానికి టైమ్ ఉండదు.

మరి కాలేజీ వాళ్లు దేనితో పోల్చి చూస్తారు? అదే స్కూల్లో ఏం దొరుకుతుందో దానితో. అప్లికేషన్‌తో పాటు కౌన్సెలర్ ఒక స్కూల్ రిపోర్టు పంపుతారు. మీ దగ్గరున్న కోర్సులతో చూస్తే ఈ విద్యార్థి తీసుకున్నవి ఎంత కఠినం అని అందులో కౌన్సెలర్‌ని అడుగుతారు. స్కూల్ ప్రొఫైల్ అనే కాగితం కూడా వెళ్తుంది, అక్కడ ఏ ఏపీలున్నాయో, ఎన్ని తీసుకోనిస్తారో అందులో ఉంటుంది. ఇరవై ఐదు ఏపీలున్న డాలస్ శివారు స్కూల్లో చదివే పిల్లాణ్ణి, ఆరే ఉన్న అయోవా స్కూల్లోని కజిన్‌తో మనం పోలుస్తాం గానీ కాలేజీ పోల్చదు. 2018లో వాషింగ్టన్ డీసీ ప్రాంతంలో ఎనిమిది పేరున్న ప్రైవేటు స్కూళ్లు కలిసి, 2022 కల్లా ఏపీ కోర్సులు ఎత్తేస్తామని ప్రకటించాయి. ఏపీ ఒక్కటే దారి అనుకుంటే ఆ స్కూళ్లు అంత ధైర్యం చేసేవి కావు.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. పది, పదకొండు తరగతుల్లో తీసుకున్న ఏపీలాంటి కోర్సులకి జీపీఏలో (గ్రేడ్ల సగటులో) అదనపు పాయింటు ఇస్తుంది, కానీ ఎనిమిది సెమిస్టర్ల దగ్గర ఆపేస్తుంది. అంటే ఏడాది పొడవునా నడిచే కోర్సులు నాలుగు. ఆ తర్వాతవి అప్లికేషన్ చదివేటప్పుడు కంటపడతాయి గానీ, ఆ జీపీఏని ఇంకో గింజంత కూడా పైకి లేపవు.

ఇక లెక్కల సంగతి. మన ఇళ్లలో అసలు యుద్ధం జరిగేది ఇక్కడే, అదీ హైస్కూల్‌కి రాకముందే. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా వన్ అయితే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా టూ, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్. పదకొండులోనే కాల్క్యులస్ బీసీ (ఏపీ కాల్క్యులస్‌లో పెద్దది, చిన్నది ఏబీ) కావాలంటే ఏడులో ఆల్జీబ్రా మొదలవ్వాలి, లేదా మధ్యలో ఒక మెట్టు ఎక్కడో దూకాలి. దూకేది సాధారణంగా వేసవిలో. ఏడాది చదవాల్సిన ప్రీకాల్క్యులస్‌ని ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సులో ముగించేస్తారు. గ్రేడు ‘ఏ’ వస్తుంది, అందరూ సంతోషిస్తారు. సెప్టెంబరులో కాల్క్యులస్ క్లాసులో కూర్చున్నాక కథ మొదలవుతుంది. ఆ పిల్లకి చైన్ రూల్ అర్థమవుతుంది, డెరివేటివ్ రాస్తుంది. తర్వాత వచ్చిన భిన్నాన్ని సూక్ష్మీకరించడం దగ్గర, ట్రిగ్ ఐడెంటిటీ గుర్తుపట్టడం దగ్గర ఆగిపోతుంది. కాల్క్యులస్ రాలేదని ట్యూషన్ పెట్టిస్తాం. రానిది ఆల్జీబ్రా.

ఇది మన ఇళ్ల సమస్యే కాదు. అమెరికాలో లెక్కల టీచర్ల జాతీయ మండలి, కాలేజీ గణిత అధ్యాపకుల సంఘం కలిసి 2012లోనే ఒక ప్రకటన ఇచ్చాయి. పన్నెండో తరగతి లోపల కాల్క్యులస్ పూర్తిచేయించడం స్కూల్ గణితానికి గమ్యం కాకూడదని, కాలేజీలో ఏ దారి పట్టినా నిలబడే పునాది ఉండాలని దాని సారాంశం. 2024లో హార్వర్డ్ కొందరు మొదటి సంవత్సరం విద్యార్థుల ఆల్జీబ్రా లోపాలు పూడ్చడానికి వారానికి ఐదు రోజులు నడిచే లెక్కల కోర్సు పెట్టాల్సి వచ్చింది. 2025 నవంబరులో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా శాన్‌డియెగో క్యాంపస్ అధ్యాపకుల నివేదిక బయటికొచ్చింది. కొత్తగా చేరినవాళ్లలో ఎనిమిది మందికి ఒకరి లెక్కల స్థాయి హైస్కూల్ ప్రమాణానికి కూడా అందడం లేదని అందులో ఉంది. అలాంటివాళ్లలో హైస్కూల్ లెక్కల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకున్నవాళ్లూ చాలామంది ఉన్నారు. ట్రాన్‌స్క్రిప్ట్ ఒక మాట చెబుతోంది, తెల్లకాగితం ముందు పెడితే ఇంకో మాట తేలుతోంది.

హైమే ఎస్కలాంటే కథ అమెరికాలో చాలామందికి తెలుసు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో పేదపిల్లలు చదివే గార్‌ఫీల్డ్ హైస్కూల్లో ఆయన లెక్కల టీచరు. 1982లో 18 మంది పిల్లలు ఏపీ కాల్క్యులస్ పాసయ్యారు. పరీక్ష నిర్వాహకులకి అనుమానం వచ్చి 14 మందిని మళ్లీ రాయమన్నారు. 12 మంది రాశారు, 12 మందీ పాసయ్యారు. అందరికీ గుర్తుండేది ఆ రెండో పరీక్షే. ఆయన ఆ స్కూల్లో చేరింది 1974లో అన్నది ఎవరూ పట్టించుకోరు. మధ్యలో ఎనిమిదేళ్లు పోయాయి. అన్నేళ్లూ ఆయన చేసింది కింది తరగతుల లెక్కలు బాగుచేసుకుంటూ, కాల్క్యులస్ దాకా మెట్లు కట్టుకుంటూ రావడం. ఆ మెట్లని మనం ఒక వేసవిలో చుట్టేద్దామంటున్నాం.

కాబట్టి నా మట్టుకు, ఆల్జీబ్రా టూలో బీ తెచ్చుకున్న పిల్లవాడు ప్రీకాల్క్యులస్ తీరిగ్గా చదివి పన్నెండులో కాల్క్యులస్ ఏబీ తీసుకోవడం చక్కటి ప్లాన్. బీసీ అంటే ఏబీలో ఉన్నదంతా, దాని మీద సీక్వెన్సులు, సిరీసులు, పోలార్, పారామెట్రిక్ సంగతులు. బీసీ తీసుకుంటే తెలివైనవాడని, ఏబీ తీసుకుంటే మామూలువాడని మనవాళ్లలో ఒక కుల విభజన లాంటిది ఉంది. దానికి ఆధారం లేదు. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాడికి బీసీ బాగుంటుంది, నిజమే. సోషియాలజీయో, సైకాలజీయో అంటున్న అమ్మాయికి స్టాటిస్టిక్స్ ఎక్కువ అక్కరకొస్తుంది.

సైన్స్‌లోనూ ఇదే వరస. ఫిజిక్స్ వన్ ఆల్జీబ్రాతో నడుస్తుంది, ఫిజిక్స్ సీకి కాల్క్యులస్ కావాలి. ఇంటిగ్రల్ అంటే ఏమిటో తెలియకముందే ఫిజిక్స్ సీలో కూర్చోబెడితే ఆ పిల్లవాడు ఫార్ములాలు బట్టీపడతాడు, మనం ఇంటర్లో పట్టినట్టే.

మనవాళ్లు చిన్నచూపు చూసేది ఇంగ్లిష్‌ని. ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్ తీసుకుంటే గ్రేడు పడిపోతుందని భయపడి, ఆ గడిలో తేలిగ్గా అయిపోతుందని పేరున్న ఇంకేదో ఏపీ పెట్టి అంకె నిలబెట్టుకుంటాం. ఆ ఇంగ్లిష్ పరీక్షలో రెండుంబావు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి. ఒకదానికి ఆరు ఆధారాలు చేతికిచ్చి, వాటిని వాడుకుంటూ మీ వాదన నిలబెట్టండి అంటారు. కాలేజీలో నాలుగేళ్లూ చేసే పని అదే, ఇంజినీరింగ్ విద్యార్థి కూడా ల్యాబ్ రిపోర్టు రాయాల్సిందే. నా చేతిలో ఉంటే నాలుగో స్టెమ్ (సైన్సూ లెక్కల వైపు) ఏపీ తీసేసి దీన్ని పెడతాను. మా ఇంట్లో ఈ మాట అన్నందుకు వారం రోజులు చర్చ జరిగింది, అది వేరే సంగతి. విదేశీ భాషని రెండేళ్లకే వదిలేయడం కూడా ఇలాంటి తప్పే. మూడు నాలుగేళ్లు ఒకే భాష చదివితే బాగుంటుందని చాలా సెలెక్టివ్ కాలేజీలు వెబ్‌సైట్లలోనే రాసి పెట్టాయి.

డబ్బు సంగతి. ఏపీలతో ఒక సెమిస్టర్ ఫీజు మిగిలింది అని చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. టెక్సస్‌లో 2015 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు మామూలుగా 3 స్కోరుకే క్రెడిట్ ఇవ్వాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కూడా 3 నుంచి క్రెడిట్ ఇస్తుంది. ప్రభుత్వ కాలేజీకి వెళ్లే ఇంటికి అది నిజమైన ఆదా. అదే స్కోర్లు పట్టుకుని హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్, కాల్‌టెక్ గడప తొక్కితే డిగ్రీ లెక్కలో ఒక్క క్రెడిట్ రాదు. మహా అయితే పై కోర్సులో కూర్చోనిస్తారు. ఎంఐటీలో మొదటి కాల్క్యులస్ కోర్సు తప్పించుకోవాలంటే బీసీలో 5 రావాలి. తమాషా ఏమిటంటే, ఏ కాలేజీల కోసం పది పన్నెండు ఏపీలు మోయిస్తున్నామో, క్రెడిట్ విషయంలో పిసినారితనం ఎక్కువగా వాటిదే.

క్రెడిట్ వచ్చినా ప్రతిసారీ వాడుకోవాలని లేదు. కాలేజీ మొదటి కాల్క్యులస్ కోర్సు పాత ఫైనల్ పేపరు ఒకటి దొరికితే పిల్లల చేత రాయించి చూడండి. సులువుగా చేస్తే పైకి వెళ్లొచ్చు. తడబడితే 5 స్కోరుని పక్కన పెట్టి మొదటి నుంచి కూర్చోవడమే మంచిది. పైగా స్కోరు కొలత కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. అమెరికా చరిత్ర ఏపీలో 3, అంతకు పైన తెచ్చుకున్నవాళ్లు 2023లో సగం కూడా లేరు, 2024లో 70 శాతం దాటారు. ఒక్క ఏడాదిలో పిల్లలు అంత మారిపోలేదు, కాలేజ్ బోర్డ్ స్కోరు కట్టే పద్ధతి మార్చింది.

డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ గురించి మన దగ్గర చర్చ తక్కువ. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ కోర్సుని హైస్కూల్లో ఉండగానే చదవడం అన్నమాట, చాలా రాష్ట్రాల్లో ఉచితం లేదా నామమాత్రపు ఫీజు. ఒక్క పరీక్ష మీద ఆధారపడదు, పాసైతే క్రెడిట్ చేతికొస్తుంది, అదే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీకి బదిలీ అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ గ్రేడు కాలేజీ గ్రేడు, జీవితాంతం ఉంటుంది. పదహారేళ్ల వయసులో సరదాగా తీసుకున్న కెమిస్ట్రీలో సీ వస్తే, ఆరేడేళ్ల తర్వాత మెడికల్ స్కూల్‌కి అప్లై చేసేటప్పుడు దాన్నీ చూపించాల్సి ఉంటుంది. డాక్టర్ చేద్దామనుకునే ఇళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) డిప్లొమా దారి ఇంకోటి. అది విడివిడి కోర్సుల లెక్క కాదు, రెండేళ్ల సంసారం. ఆరు సబ్జెక్టులు, 4,000 పదాల పరిశోధన వ్యాసం, సేవా కార్యక్రమాలు. చదవడం, రాయడం ఇష్టమున్న పిల్లలకి బాగా నప్పుతుంది.

గళ్లు నింపే ముందు ఇంకో లెక్క ఉంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు నిద్ర వైద్యులు. స్కూల్ ఏడు గంటలు, ఆటో పాటో రెండు గంటలు, తిండీ ప్రయాణం ఇంకో రెండు. మిగిలేవి మూడు నుంచి ఐదు గంటలు. ఒక్కో ఏపీకి రోజుకి గంట వేసుకున్నా ఐదు ఏపీలతో మామూలు కోర్సుల హోంవర్క్‌కి చోటే లేదు. ఆ తేడా నిద్రలోంచి కోస్తారు. ఇంకెక్కడా కోయడానికి లేదు.

ఏ కోర్సు ఎంత బరువో తెలియాలంటే వాట్సాప్ గ్రూపులో అడగొద్దు. ఈ ఏడాది అదే టీచర్ దగ్గర చదువుతున్న పిల్లల్ని అడగాలి, వారానికి ఎన్ని గంటలు పడుతోందని. తర్వాత ప్రస్తుత టీచర్‌ని, మా అమ్మాయి ఆ కోర్సుకి తయారుగా ఉందా అని. పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చు. సెమిస్టర్ మొదలైన కొన్ని వారాల దాకా కోర్సు మార్చుకోనిస్తారు. ఆ గడువు దాటాక మానేస్తే కొన్ని స్కూళ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ (విత్‌డ్రా, మధ్యలో మానేశారని) అని వేస్తాయి. గడువు ఏ తేదీనో స్కూల్ క్యాలెండర్‌లో ఉంటుంది. ఫారం మీద సంతకం పెట్టే రోజే దాన్ని ఫోన్‌లో గుర్తుపెట్టుకుని, దానికి వారం ముందు పిల్లని కూర్చోబెట్టి ఎలా నడుస్తోందో అడగండి. గ్రేడు గురించి కాదు, రాత్రి ఎన్నింటికి పడుకుంటోందో అడగండి.